చూద్దాంలే

"చూద్దాంలేమ్మా," అన్నాడు యెషయా. కళ్లద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

జ్ఞానప్రకాశం తల వంచుకున్నాడు. యెషయా రిటైరైన హెడ్మాస్టరు, సమాధుల తోట కమిటీకి అధ్యక్షుడు. బళ్లో ఆయన పిల్లలను తిట్టిన తిట్లు నంద్యాలలో సగం మందికి ఇంకా గుర్తే. అలాంటి మనిషి గొంతు తగ్గించి, 'చూద్దాం' అని ఊరుకోకుండా దానికి 'లే' చేర్చి, ఆపైన 'అమ్మా' అని తోక తగిలించాడంటే ఆ పని కాదన్నట్టే. గదిలో ఉన్న మిగతా ముగ్గురికీ అది అర్థమైంది. టీ గ్లాసులు తీసుకుపోవడానికి వచ్చిన ఆవిడకూ అర్థమైంది. కానిదల్లా అడిగిన మనిషికే.

హెల్గా సంతోషంగా చేతిసంచిలోంచి డైరీ తీసింది. పెన్ను మూత పళ్లతో పట్టుకుని, తేదీ వేసి, గుండ్రటి తెలుగు అక్షరాలతో 'జాగా - చూస్తాండారు' అని రాసుకుంది. పక్కనే కూర్చున్న జ్ఞానప్రకాశానికి ఆ రెండు మాటలూ స్పష్టంగా కనిపించాయి.

"నెలాఖరు లోపల చెప్తే చాలు సార్. ఆడ నా కోసం గది పెట్టుకోని ఉండారు," అంది.

"తొందరేముండాదమ్మా? మీరు నూరేండ్లు బతకల్ల."

నూరేళ్ల దీవెన కూడా అయిందంటే ఇక లేచి రావడమే మంచిది. జ్ఞానప్రకాశం లేచాడు.

హెల్గాకు డెబ్బై ఒకటి. డెన్మార్కు నుంచి వచ్చి నంద్యాలలో ముప్పై నాలుగేళ్లయింది. కుష్ఠు వచ్చి తగ్గినవాళ్లకు పాదాల్లో స్పర్శ ఉండదు. ముల్లు దిగినా తెలియదు, నిప్పు తొక్కినా తెలియదు. అలాంటి పాదాలకు మెత్తటి రబ్బరు చెప్పులు కొలతలు తీసి కుట్టే పని ఆమెది. చెప్పుల కోసం పల్లెల నుంచి వచ్చేవాళ్ల నోట్లో హెల్గా అన్న పేరు తిరగక, ఏనాడో ఎల్లమ్మ అయిపోయింది. మొదట్లో పాస్టరుగారు వినలేక చెవులు మూసుకునేవాడు. ఆమె మాత్రం ఎల్లమ్మా అంటే ఓయ్ అనేది.

పోయిన నెల అన్న కొడుకు ఉత్తరం రాశాడు. వాళ్ల ఊళ్లో వృద్ధుల ఇంట్లో గది ఒకటి ఖాళీ అయిందని, నెలాఖరులోగా ఏదో ఒకటి తేల్చమని. ఆమె రెండు రోజులు ఆలోచించి, తనతో పాటు చెప్పులు కుట్టే జ్ఞానప్రకాశంతో ఒక్క మాటే అంది. "సచ్చినాక ఈడ నాకు ఆరడుగుల జాగా ఉందంటే ఉంటా ప్రకాశం. లేదంటే ఇప్పుడే పోతా. చివరాఖర్లో పెట్టెలో వేసి పార్సిల్ పంపిచ్చే పని యెవురికీ పెట్టను."

ఆ మాట అన్నప్పుడు ఆమె చేతిలో కత్తెర ఆగలేదు. ఆగింది అతనిదే.

కమిటీ గది బయట చెప్పులేసుకుంటుంటే లోపలి నుంచి ఎవరో అనడం వినిపించింది. "ఆమెకేందప్పా, దేశం ఉండాది పోనీకి. మనోళ్లకే చాలక చస్తాంటే." యెషయా ఏదో అన్నాడు. అందరూ మెల్లగా నవ్వారు. అప్పటికి హెల్గా గేటు దాటి, ఆటో కోసం చెయ్యెత్తి నిలబడి ఉంది. ఆ గదిలో ఉన్న నలుగురిలో ఇద్దరి తల్లులకు చెప్పులు కుట్టిన చెయ్యి అది. జ్ఞానప్రకాశం ఒక చెప్పు వేసుకుని ఆగాడు. అయినా వెనక్కి పోయి అడగలేదు. తనవాళ్లు కాదన్న చోట రెండోసారి అడగడం అతని ఇంటా వంటా లేదు.

*

మర్నాడు పొద్దున బండి ఆత్మకూరు నుంచి ఒక పెద్దాయన చెప్పుల షెడ్డుకు వచ్చాడు. కుడికాలికి వేళ్లు మూడే మిగిలాయి. జ్ఞానప్రకాశం నేల మీద కాగితం పరిచి, ఆయన పాదం దాని మీద పెట్టించి, పెన్సిలు నిలువుగా పట్టుకుని చుట్టూ గీత గీశాడు. పెన్సిలు ఏ మాత్రం లోపలికి వంగినా చెప్పు ఇరుకవుతుంది. ఇరుకైన సంగతి ఆ కాలు చెప్పదు, పుండు పడ్డాక కళ్లే చెప్పాలి. ఈ చెప్పులకు మేకు కొట్టరు. అన్నీ జిగురు, కుట్టు. ఇదంతా ముప్పై నాలుగేళ్ల కిందట అతనికి నేర్పింది హెల్గా. అతను ఆమెకు తెలుగు నేర్పాడు. అందుకే ఆమె తెలుగులో పుస్తకాల వాసన ఉండదు. అచ్చం అతనిలాగే, కోసినట్టు మాట్లాడుతుంది.

"రెండు దినాలు ఆగి సాయంత్రం రా పెద్దాయనా, తయారుగా ఉంటాయి," అంది హెల్గా, పాదం కింద మచ్చలను బొటనవేలితో ఒత్తి చూస్తూ. "పొయ్యికాడ కాళ్లు సాపుకోని కూసోగాకు. తెల్సిందా?"

"తెల్సిందిలే ఎల్లమ్మా."

ఆయన పోయాక ఆమె రబ్బరు షీటు మీద గీత పెడుతూ, "రేపు ఆళ్లగడ్డకు పోదాం ప్రకాశం. సమాధికి రాయి చెప్పి రావల్ల," అంది.

"రాయా? ఇప్పుడేం తొందరమ్మా?"

"జాగా ఎట్లాగూ చూస్తాండారు గదా. రాయి చెక్కనీకి నెల పడుతుంది."

ఇప్పుడు చెప్పాలి అనుకున్నాడు. నోటిదాకా వచ్చింది. తోలు అంచున ఆరెతో రంధ్రాలు పొడుస్తూ, ఈ పట్టీ అయ్యాక చెప్తాననుకున్నాడు. పట్టీ అయింది. రెండో పట్టీ కూడా అయింది. ముప్పై నాలుగేళ్లుగా ఈ ఊరు ఆమెకు చెప్పలేని మాటలన్నీ మోసి మోసి అతనికి విసుగొచ్చింది. ఈ ఒక్కటీ ఇంకెవరైనా చెప్తే బాగుండు అనిపించింది.

*

ఆళ్లగడ్డలో బస్సు దిగి శిల్పి శేషయ్య షెడ్డుకు నడిచారు. రోడ్డు పొడుగునా సగం చెక్కిన దేవుళ్లు వెల్లకిలా పడుకుని ఉన్నారు. మిషన్లు రాయి కోస్తుంటే లేచిన దుమ్ము వేపాకుల మీద తెల్లగా పేరుకుంది. శేషయ్యది పెద్ద వయసు. కొడుకులు మిషన్ల మీద ఉంటే, తాను రేకుల నీడన కూర్చుని ఒక నరసింహస్వామికి కళ్లు తీరుస్తున్నాడు. కళ్ల దగ్గర మాత్రం ఇప్పటికీ ఉలే.

"ఎవురికమ్మా రాయి?" అన్నాడు తల ఎత్తకుండా.

"నాకే."

శేషయ్య తల ఎత్తాడు. మనిషిని పైనుంచి కిందికి చూశాడు. నూలు చీర, తెల్ల జుట్టు ముడి, ఎండకు కమిలి మచ్చలు తేలిన చేతులు. "మన మాట బాగా మాట్లాడతాండారే," అన్నాడు.

"ముప్పై నాలుగేండ్లప్పా. నంద్యాలలోనే."

"అయితే మా కోడలికంటే మీరే పాత. పేరేమని పెట్టల్ల?"

"హెల్గా అని పెట్టు. కింద ఎల్లమ్మ అని కూడా పెట్టు. లేకుంటే పల్లెల నుంచి వచ్చినోళ్లు కనుక్కోలేరు."

శేషయ్య నవ్వాడు. ఆ నవ్వులో ఎగతాళి లేదు. గోడకు ఆనించిన నల్లరాయి పలక ఒకటి చూపించాడు. హెల్గా వంగి దాని మీద అరచెయ్యి పెట్టింది. చల్లగా ఉందని జ్ఞానప్రకాశాన్ని కూడా ముట్టుకోమంది. అతను ముట్టుకున్నాడు.

"జాగా కొలతలు తెచ్చినారా? పొడుగెంత, వెడల్పెంత?"

"ఇంగా ఇయ్యలేదు. కమిటీవాళ్లు చూద్దాంలే అన్నారు."

శేషయ్య చేతిలో ఉలి ఆగింది. హెల్గాను చూశాడు, ఆ తర్వాత జ్ఞానప్రకాశాన్ని చూశాడు. "మరి రాయి ఎందుకమ్మా?" అన్నాడు.

"అంటే ఏందీ?"

"చూద్దాంలే అంటే లేదనే గదా. నేనైనా అంతే. ఎవురన్నా పెద్దమనిషి వచ్చి నావల్ల కాని పని అడిగితే, కాదని మొగం మీద ఎట్ల చెప్పేది? చూద్దాంలే సామీ అంటా. ఆయన మళ్లీ రాడు. ఇన్నేండ్లు ఈడ ఉండి, మీకెవురూ చెప్పలేదా?"

హెల్గా జ్ఞానప్రకాశం వైపు తిరిగింది. అతను తన చెప్పుల మీద పడ్డ రాతి దుమ్మును చూస్తున్నాడు. ఎవరైనా చెప్తే బాగుండని నిన్న అనుకున్నాడు కదా, చెప్పారు. ఏమీ బాగా లేదు.

*

బస్టాండులో సిమెంటు బల్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. అతను టీ తెచ్చాడు. ఆమె గ్లాసు పక్కన పెట్టి డైరీ తెరిచింది. మొన్న రాసిన మాట దగ్గర వేలు పెట్టింది.

"నిజమేనా?"

"నిజమేమ్మా."

"నీకు మొన్ననే తెలుసా?"

"సారు అద్దాలు తీసి తుడుచుకుంటాంటేనే తెలుసు."

"మరి మన షెడ్డుకు కరెంటు లైను అడిగితే ఆ లైన్‌మనూ చూద్దాంలే అన్యాడే? వచ్చింది గదా కరెంటు."

"నేను మూడుతూర్లు పోయినా ఆయప్ప ఇంటికి."

"కొళాయికి?"

"దానికి ఐదుతూర్లు."

"రబ్బరు షీట్లకు కర్నూలాయన?"

జ్ఞానప్రకాశం తన గ్లాసు కూడా పక్కన పెట్టాడు. ఆమె వేళ్లు మడిచి లెక్క పెట్టుకుంటున్నట్టుంది. ఈ దేశంలో ఎవరైనా చూద్దాంలే అంటే, కొంచెం ఆలస్యమైనా పని అవుతుందని ఆమె నేర్చుకుంది. తప్పేముంది? అన్నిసార్లూ అయింది. కాని పనుల వెనక ఎండలో నడిచి వాటిని అయ్యేట్టు చేసింది తనే కదా, ఆమెకు ఎలా తెలుస్తుంది? తిరిగొచ్చి ఒక్కసారీ చెప్పలేదు. ఆమె మనసు కష్టపెట్టుకుంటుందని దాచాడు. అడ్డం నిలబడి ఊరినే ఆమెకు కనబడకుండా చేశానని ఇప్పుడు తోచింది.

నంద్యాల బస్సు వచ్చి నిలబడింది. అతను లేచాడు. ఆమె లేవలేదు.

"ప్రకాశం, నేను నీకెప్పుడన్నా ఆ మాట అన్నానా?"

"బస్సు వచ్చిందమ్మా."

"పోనీ బస్సు. అన్నానా?"

అతను మళ్లీ కూర్చున్నాడు. సంచి ఒళ్లో పెట్టుకుని దాని పట్టీలు సరిచేశాడు. "ఒగ తూరి అన్నారు," అన్నాడు.

ఎప్పుడని ఆమె అడగలేదు. డైరీ మూసింది. "పాప సదువుకా?"

"ఊ."

పదకొండేళ్ల కింద. అతని కూతురు ప్రియదర్శినికి అప్పుడు పంతొమ్మిది. కృత్రిమ కాళ్లు తయారుచేసే చదువు మద్రాసులో ఉందని, హెల్గమ్మ రాస్తే సీటు ఇస్తారని ఆ పిల్లే కనుక్కుని వచ్చింది. చిన్నప్పటి నుంచి షెడ్డులోనే పెరిగింది. వేళ్లు లేని పాదానికి పెన్సిలు గీత పెట్టడం తండ్రి కంటే దానికే బాగా వచ్చు.

"నేను అడిగితిని. మీరు చూద్దాంలే ప్రకాశం అంటిరి. సరే, నన్ను కాదనలేక అట్లన్నారు అనుకుంటి. ఇంటికి పోయి, కాదన్నార్రా అని పాపకు చెప్పినా. అది మూడు దినాలు అన్నం తినలేదు. మళ్లీ అడిగితే మర్యాద కాదని నేను అడగలేదు."

"నేను ఆ పొద్దే ఉత్తరం రాసినా," అంది హెల్గా. "సీటు ఉండాదని జవాబు గూడా వచ్చింది. ఆర్నెల్లు పెట్టుకోని చూసినారు. నువ్వు సర్టిఫికెట్లు తెస్తావు, తెస్తావు అని నేను చూస్తాంటి. చూద్దాం అంటే చూద్దామనే అన్నా ప్రకాశం. ఇంగేమీ కాదు."

"మరి నన్ను ఒగ మాట అడగకపోతిరా?" గొంతు అంత పైకి లేస్తుందని అతనికే తెలియదు. పక్క బల్ల మీదివాళ్లు తిరిగి చూశారు. ముప్పై నాలుగేళ్లలో ఆమె మీద అతను గొంతెత్తడం అదే మొదలు.

"ఆడపిల్ల సంగతి. మీవాళ్లు ఒప్పుకోలేదేమో అనుకుంటి. మరుసటేడు పెండ్లి చేసినావు. అట్లాంటివి గుచ్చి గుచ్చి అడగగూడదని నువ్వే గదా నాకు చెప్పింది? వెలుగోడు నుంచి వస్తా వస్తా జీపులో, ఎంత తిట్నావు?"

తిట్టాడు. నిజమే. వెలుగోడులో ఒకాయనను నీ కూతురిని బడి ఎందుకు మాన్పించావని ఆమె నిలదీస్తే, దారి పొడుగునా తిట్టాడు. మా ఇండ్లలో అట్ల అడగరమ్మా అన్నాడు. ఆమె అది డైరీలో రాసుకుంది.

ఆమె వచ్చీరాని తెలుగు మాట్లాడే రోజుల్లో అయితే అతను రెండోసారి అడిగేవాడు. అర్థమైందో లేదో అని విడమరిచి అడిగేవాడు. మాట తమ మాటే అయిపోయింది కాబట్టి మనసులో ఉన్నదీ తమ లెక్కే అనుకున్నాడు. ఆమె కూడా అంతే అనుకుంది. పదకొండేళ్లు ఒకే బల్లకు అటొకరు, ఇటొకరు కూర్చుని చెప్పులు కుట్టారు.

టీలు చల్లారిపోయాయి. తరువాతి బస్సు ఎక్కారు. సిరివెళ్ల దాటేదాకా ఇద్దరూ కిటికీలోంచి బయటికే చూశారు. నంద్యాలలో దిగేటప్పుడు, మోకాలు నొప్పి కాబట్టి, ఆమె ఎప్పటిలాగే అతని భుజం పట్టుకుని దిగింది.

*

మర్నాడు పొద్దున్నే జ్ఞానప్రకాశం సంజీవనగర్‌లో యెషయా ఇంటికి పోయాడు. ఆయన వరండాలో పేపరు చదువుతున్నాడు.

"సార్, హెల్గమ్మ జాగా సంగతి."

"చూద్దాంలే ప్రకాశం," అన్నాడు యెషయా, పేపరు మడవకుండా.

జ్ఞానప్రకాశం చెప్పులు విడిచి మెట్టు మీద కూర్చున్నాడు. యెషయా ఒక పేజీ తిప్పాడు. ఇంకో పేజీ తిప్పాడు. పేపరు దించి చూస్తే మనిషి అక్కడే ఉన్నాడు.

"ఏందీ, ఇంగా ఉండావే?"

"అవునో కాదో చెప్పండి సార్. ఏదైనా సరే, చెప్తే పోతా."

"పొద్దున్నే ఇదేం పంచాయితీరా? చెప్తాండాగదా చూద్దామని!"

"ఆయమ్మకు ఆ మాట అర్థం గాదు సార్. అందుకే అడుగుతాండా."

యెషయాకు కోపం వచ్చింది. కోపంలో నిజం చెప్పాడు. "కుదర్దు. రిజిస్టర్లో జాగాలన్నీ కుటుంబాల పేర్న ఉండాయి. ఆయమ్మది యే కుటుంబమని రాయల్ల?"

"నాది."

"నీదాంట్లో రెండే. ఒగదాంట్లో మీ ఇంటామె కరుణ ఉండాది. ఇంగొగటి నీది."

"అది ఆయమ్మకు రాయండి. కరుణ పోయి పద్నాలుగేండ్లాయె. పదేండ్లు దాటిన సమాధి మళ్లీ తోడి ఇంటోళ్లను పెట్టొచ్చని మీ కమిటీనే గదా తీర్మానం చేసింది? నన్ను కరుణ జాగాలోనే పెట్టండి."

యెషయా పేపరు మడిచి పక్కన పెట్టాడు. తిడతాడేమో అనుకున్నాడు జ్ఞానప్రకాశం. తిట్టలేదు. లోపలికి పోయి అట్ట చిరిగిన పెద్ద పుస్తకం తెచ్చాడు. పేజీలు తిప్పి, అతని పేరు దగ్గర ఆగి, పెన్ను తీశాడు.

"సంబంధం అని ఒగ గడి ఉండాది. ఏమని రాయల్ల?"

అమ్మా అనే పిలిచాడు ఇన్నేళ్లూ. కానీ తొమ్మిదేళ్లే పెద్ద. నిన్న బస్టాండులో గొంతెత్తి పోట్లాడాడు కూడా.

"అక్క అని రాయండి," అన్నాడు.

*

షెడ్డులో హెల్గా బండి ఆత్మకూరు పెద్దాయన చెప్పులకు జిగురు పూస్తోంది. అతను చెప్పింది విని బ్రష్షు డబ్బాలో పెట్టింది.

"చూద్దాంలే అన్యాడా?"

"లేదు. పుస్తకంలో రాసినాడు. నేను చూసినా."

గడిలో ఏం రాయించాడో చెప్పలేదు. చెప్పడానికి సిగ్గేసింది. ఆమె పాత గుడ్డతో ఒక్కొక్క వేలూ తుడుచుకుంది. కళ్లు తడిగా ఉన్నాయి. "అయితే ఉంటా," అంది. తరువాత, "పాప ఇప్పుడు యాడ ఉంటుంది?" అని అడిగింది.

ప్రియదర్శిని బట్టల షాపులో బిల్లింగు కౌంటరులో పనిచేస్తుంది. వాళ్లు పోయేసరికి మధ్యాహ్నం భోజనం వేళ. షాపు వెనక మెట్ల మీద కూర్చుని టిఫిను డబ్బా తెరుస్తోంది. తండ్రినీ, ఆయన వెనక హెల్గానూ చూసి గబుక్కున లేచింది.

"కూసో పాపా, తిను," అని హెల్గా కూడా మెట్టు మీద చతికిలబడింది. దాపరికం లేకుండా అంతా చెప్పింది. ఆ రోజు తాను కాదనలేదని, మాట తెలియక అన్నానని, సీటు ఆరు నెలలు ఎదురుచూసిందని. ఇప్పుడు అదే చదువు ఏడాదిలో అయ్యేట్టు ఉందని, తాను ఈ ఊళ్లోనే ఉంటున్నానని, తమ ఇద్దరి తర్వాత షెడ్డుకు ఒక మనిషి కావాలని. "వస్తావా? మళ్లీ రాస్తా నేను."

ప్రియదర్శిని పెరుగన్నం కలుపుతూ వింది. మధ్యలో ఒకసారి తండ్రి వైపు చూసింది. ఆ చూపును అతను తట్టుకోలేకపోయాడు. మళ్లీ కలపడం మొదలుపెట్టింది. అన్నం ఎప్పుడో కలిసిపోయింది, అయినా కలుపుతూనే ఉంది. లోపలి నుంచి సూపర్‌వైజరు, "బేగా రా తల్లీ, బిల్లింగుకాడ జనం నిలబడుండారు," అని కేకేసింది.

ఒక్క ముద్ద కూడా తినకుండానే డబ్బా మూత పెట్టింది. కొళాయి దగ్గర చెయ్యి కడుక్కుని, చున్నీతో తుడుచుకుంటూ వచ్చి హెల్గా ముందు నిలబడింది. నవ్వింది. చాలా మర్యాదైన నవ్వు.

"చూద్దాంలేమ్మా," అంది. లోపలికి వెళ్లిపోయింది.

హెల్గా చెయ్యి అలవాటు కొద్దీ సంచిలోకి పోయింది. డైరీ ఒళ్లో తెరుచుకుంది. పెన్ను మూత పళ్ల మధ్యకు వచ్చింది. తేదీ వేసి ఆగిపోయింది. తలెత్తి జ్ఞానప్రకాశాన్ని చూసింది. మూడుతూర్లు, ఐదుతూర్లు పోయి వచ్చే మనిషి, ఈసారి గోడకు ఆనుకుని ఊరికే నిలబడి ఉన్నాడు.

ఆమె పెన్నుకు మూత పెట్టింది. అతను చెయ్యి అందించాడు.

"పోదాం పా," అంది లేస్తూ. "పెద్దాయన సాయంత్రం చెప్పులకు వస్తాడు."